అప్‌డేట్: కర్నూలులో నా మొదటి 10కే (10 కిలోమీటర్ల పరుగు) అయిపోయింది

5 కిలోమీటర్లు దాటి ఎప్పుడూ పరిగెత్తలేదు, 10కేకి పేరు ఇవ్వచ్చా అని పోయిన నెల అడిగాను కదా. ఇచ్చేశాను, నిన్న పూర్తి చేశాను కూడా. 1 గంట 27 నిమిషాలు.

మొదట్లో నెమ్మదిగా వెళ్లమని అందరూ చెప్పారు. తలూపాను, జెండా ఊపగానే మర్చిపోయాను. పక్కవాళ్లు దూసుకుపోతుంటే కాళ్లు ఆగవండీ! ప్రాక్టీసులో కిలోమీటరుకు 8 నిమిషాలు పట్టేది, నిన్న మొదటిది 6 నిమిషాల్లో లాగేశాను. రాజ్‌విహార్ సెంటర్ దగ్గరికే డొక్కలో పోటు. కొండారెడ్డి బురుజు దగ్గర నడుస్తుంటే, పూలు కడుతున్న ఒక అవ్వ "ఏం నాయనా, అప్పుడే అలిసిపోతివా?" అంది. సిగ్గేసి మళ్లీ పరుగందుకున్నాను.

4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక అని మీలో ఒకరు చెప్పిన లెక్కే చివరికి గట్టెక్కించింది. ఆ మాట మొదటి నుంచే విని ఉండాల్సింది. చివరి నీళ్ల టేబుల్ దగ్గర గ్లాసులు ఖాళీ, ఎండేమో మన కర్నూలు ఎండ.

కాటన్ టీషర్టు వద్దన్నవాళ్లకు దండం. చంకల కింద ఎంత ఒరుసుకుపోయిందో స్నానానికి నీళ్లు పోసుకున్నాక తెలిసింది.

ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించి పడుకున్నాను. ఈరోజు మెట్లు ఎక్కగలుగుతున్నా గానీ, దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగుతున్నాను. ఇది ఎన్నాళ్లుంటుంది?