పునరుత్థానమా, పునరుద్ధానమా?

ఈస్టర్ ముందు మా ఊరి సెంటర్‌లో రెండు ఫ్లెక్సీలు కట్టారు. ఒకదాని మీద 'పునరుత్థాన పండుగ శుభాకాంక్షలు', రెండోదాని మీద 'పునరుద్ధాన పండుగ'. మా అబ్బాయి రెండూ చదివి, "ఏది కరెక్ట్ నాన్నా?" అన్నాడు. వాడికి అక్కడికక్కడ ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఇక్కడ భాష తెలిసినవాళ్ళున్నారు కాబట్టి నేను అనుకున్నది రాస్తున్నాను. తప్పుంటే చెప్పండి.

సరైన రూపం పునరుత్థానం. పునః + ఉత్థానం. ఆ ఉత్థానం మళ్ళీ ఉద్ + స్థానం. 'స్థా' అంటే నిలబడటం, 'ఉద్' అంటే పైకి. రెండూ కలిసినప్పుడు 'స్థా'లోని సకారం జారిపోయి, 'ద్' కాస్తా 'త్' అయి ఉత్థానం మిగులుతుంది. అంటే పడుకున్నవాడు లేచి నిలబడటం. ముందు 'పునః' చేరితే మళ్ళీ లేచి నిలబడటం. ఈస్టర్ విషయంలో యేసు చావు నుంచి లేవడం.

మరి 'ద్ధ' ఎలా వచ్చింది? నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. ఒకటి, పునరుద్ధరణ అన్న మాట మన నోళ్ళలో బాగా నలిగింది. చెరువుల పునరుద్ధరణ, కరెంటు పునరుద్ధరణ అని రోజూ పేపర్లో చూస్తాం. ఆ ఒరవడిలోనే ఇదీ పడిపోయింది. రెండోది కంటికి సంబంధించింది. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. అంతే తేడా. వత్తుగా కిందికి దిగేసరికి ఆ చుక్క ఆవగింజంత అవుతుంది. చిన్న అచ్చులో ఎవరు గమనిస్తారు? కానీ ఆ చుక్క పోతే 'స్థా' పోతుంది. మాటలో నిలబడటమే లేకుండా పోతుంది.

ఇంకొక్కటి. బైబిల్లో యేసు కథ ఉన్న భాగం, కొత్త నిబంధన, రాసింది గ్రీకులో. అందులో ఈ మాట 'అనాస్తాసిస్'. 'అనా' అంటే పైకి, మళ్ళీ. 'స్తాసిస్' అంటే నిలబడటం. ఆ 'స్తా', మన 'స్థా' ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. గ్రీకు మాటకి ఇంత దగ్గరి చుట్టం ఇంగ్లీషు బైబిల్లోని 'రెసరెక్షన్' కాదు, తెలుగు బైబిల్లోని పునరుత్థానమే. ఇప్పటికీ గ్రీకు క్రైస్తవులు ఈస్టర్ రాత్రి ఒకరికొకరు చెప్పుకునే 'ఖ్రిస్తోస్ అనెస్తి'లో ఉన్నదీ ఆ క్రియే.

కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో దీని గురించి ఒక సంగతి ఉంది. తొలినాటి క్రైస్తవ ప్రచారకుడు పౌలు ఏథెన్సులో యేసు గురించీ అనాస్తాసిస్ గురించీ చెబుతుంటే, ఇతనెవరో పరదేశపు దేవతల్ని ప్రచారం చేస్తున్నాడు అన్నారు వాళ్ళు. దేవతలు అని బహువచనంలో ఎందుకన్నారు? యేసు ఒక దేవుడు, అనాస్తాసిస్ ఆయన పక్కనుండే దేవత అనుకున్నారని పాత వ్యాఖ్యాతలు కొందరు చెప్పారు. నాకది నమ్మదగ్గట్టుగానే ఉంది. చచ్చినవాడు ఒంటితో లేవడం అన్న అర్థం వాళ్ళ ఊహకి అందలేదు మరి. తర్వాత విషయం అర్థమయ్యాక కొందరు నవ్వారు.

వ్యాఖ్య: బాగుంది మాస్టారూ. కార్తీకంలో మాకు ఉత్థాన ఏకాదశి ఉంది, విష్ణుమూర్తి యోగనిద్ర నుంచి లేచే రోజు. ఆ ఉత్థానమూ ఇదేనా?

జవాబు: అదేనండి, అక్షరం కూడా తేడా లేదు. సుప్రభాతంలో 'ఉత్తిష్ఠ నరశార్దూల' అంటాం చూడండి, ఆ 'ఉత్తిష్ఠ' కూడా ఉద్ + స్థా. తెలుగు చెవికి బాగా అలవాటైన మాటే. అక్కడ లేచేది నిద్ర నుంచి, ఇక్కడ చావు నుంచి. కతోలిక గుళ్ళలో అయితే 'పునః' లేకుండా ఉత్థానం అని కూడా వింటాం.

వ్యాఖ్య: పునర్జన్మ అన్నా పునరుత్థానం అన్నా చివరికి ఒకటే కదండీ? మళ్ళీ బతకడమే కదా?

జవాబు: కాదండి. ఇక్కడ మాత్రం కొంచెం ఆగాలి. పునర్జన్మలో ఒళ్ళు మారుతుంది. పాత బట్ట విప్పి కొత్తది కట్టుకున్నట్టు అంటారు. పునరుత్థానంలో మనిషి ఆ మనిషే, ఒళ్ళు ఆ ఒళ్ళే. యేసు లేచాక తోమా అనే శిష్యుడికి చూపించింది మేకుల గాయాలున్న చేతుల్నే. శిష్యులు భూతమేమో అని జడుసుకుంటే, తినడానికి ఏమన్నా ఉందా అని అడిగి, వాళ్ళిచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్ళ ముందే తిన్నాడు. చర్చిలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో 'శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను' అని ప్రతి ఆదివారం చెప్పేది అందుకే. ఆత్మ ఎక్కడో బతికుంటుంది అని మాత్రమే అయితే 'శరీర' అన్న మాట అక్కర్లేదు.

అలాగని పాత బతుక్కే తిరిగి రావడమూ కాదు. చనిపోయిన లాజరు యేసు పిలిస్తే సమాధిలోంచి బయటికి వచ్చాడు గానీ, మళ్ళీ ఓ రోజు చనిపోయేవాడిగానే వచ్చాడు. దానికి పునర్జీవం అనొచ్చేమో. యేసు లేవడం అలాంటిది కాదు, ఇక ఆయనకి చావు లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు దీన్ని గింజతో చెబుతాడు. వేసేది వట్టి గింజ, వచ్చేది మొక్క. మొక్క ఆ గింజదే, కానీ గింజలా ఉండదు. 'క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును.' విత్తనాలు చల్లే ఊళ్ళో పుట్టినవాణ్ణి కాబట్టి నాకీ పోలిక అన్నిటికంటే దగ్గర. క్రీస్తుని 'ప్రథమఫలము' అనడమూ పొలం మాటే. తొలి పంట చేతికొచ్చిందంటే మిగతా చేను కూడా వస్తుందని.

వ్యాఖ్య: ఇంత బరువైన సంస్కృత పదం దేనికండీ? దీనికి అచ్చ తెలుగు మాటే లేదా?

జవాబు: ఉంది. 'లేచు'. ఎక్కువ చోట్ల బైబిల్లో కనబడేది అదే. చనిపోయిన చిన్నపిల్ల, యాయీరు అనే ఆయన కూతురి చెయ్యి పట్టుకుని యేసు అన్నమాట 'తలీతా కుమీ'. అది ఆయన ఇంట్లో మాట్లాడుకునే అరామిక్. దానికి తెలుగు, 'చిన్నదానా, లెమ్ము'. పొద్దున్నే బడికి టైమైపోతుందని పిల్లని లేపే మాటే అది.

ఇక మత్తయి 28లో దూత స్త్రీలతో చెప్పిన వాక్యం చూడండి: 'ఆయన ఇక్కడ లేడు... లేచియున్నాడు.' పైకి చదవండి ఒకసారి. లేడు, లేచి, ఉన్నాడు. లేడు అని మొదలైన వాక్యం ఉన్నాడు అని ఆగుతుంది. అనువదించినవాళ్ళు ఇది కావాలని చేశారో లేదో గానీ, ఈ అందం తెలుగుకే దక్కింది. 'లేచాడు' అంటే జరిగిపోయిన సంగతి. 'లేచియున్నాడు' అంటే లేచాడు, ఇప్పుడూ ఉన్నాడు. విశ్వాసులకి ఈ 'ఉన్నాడు' మీదే అంతా ఆధారపడి ఉంది.

'లేపబడెను' అన్నది మాత్రం మన పలుకుబడి కాదు, ఒప్పుకుంటాను. కానీ గ్రీకులో చాలా చోట్ల కర్మణిలోనే ఉంది: లేపింది తండ్రి అని. అది పోకూడదని అలా ఉంచారు. 'దేవుడు ఆయన్ని లేపాడు' అంటే సరిపోయేది.

వ్యాఖ్య: మా అమ్మమ్మ సమాధి మీద 'ప్రభువునందు నిద్రించినది' అని ఉంటుంది అన్నా. చిన్నప్పుడు అది చదివి నిజంగానే పడుకుందనుకునేదాన్ని.

జవాబు: మీరు అనుకున్నది మొదటి క్రైస్తవులు అనుకున్నదే చెల్లీ. ఇంగ్లీషులో సెమెటరీ (శ్మశానం) అన్న మాట గ్రీకు 'కోయ్‌మెతేరియోన్' నుంచి వచ్చింది. దానర్థం పడుకునే చోటు. నిద్ర అన్నాం కాబట్టే లేవడం అనగలుగుతున్నాం.

మా నాన్న పోయినప్పుడు రాయి మీద 'పునరుద్ధాన నిరీక్షణతో' అని చెక్కి తెచ్చారు. ఆ రోజు ఎవరం చూసుకోలేదు. ఏడాది తర్వాత కనిపెట్టి అమ్మకి చెప్పాను. అమ్మకి చదువు రాదు. తప్పున్న అక్షరం ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి, "ఇది ఉంటే ఏమవుద్ది?" అంది. అర్థం పోతుంది అన్నాను. "అయితే మార్పించు" అంది. మేస్త్రి వచ్చి 'ద్ధా'ని సిమెంటుతో పూడ్చి, ఆరాక దాని మీదే 'త్థా' చెక్కాడు. దగ్గరికెళ్ళి చూస్తే పాత అక్షరం అంచు ఇంకా కనబడుతుంది.

మొన్న శనివారం సాయంత్రం సమాధికి సున్నం వేశాం. ఈస్టర్ ఆదివారం తెల్లారకముందే కొవ్వొత్తులు, బంతిపూలతో అందరం వెళ్ళాలి కదా. నేను బ్రష్‌తో రాయి దగ్గరికి వచ్చేసరికి, సున్నం చింది పడకుండా అమ్మ ఆ అక్షరం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.