పిండం బతుకుతుంది, కప్ప బతుకుతుంది. మరి అతిశీతలంలో భద్రపరిచిన మనిషి?

ప్రశ్న: జిజ్ఞాసువు

మరణించినవారి దేహాలను ద్రవ నత్రజనిలో, అంటే −196 డిగ్రీల సెల్సియస్ వద్ద, భద్రపరిచి, వైద్యం ఎదిగిన కాలంలో తిరిగి బతికించుకోవచ్చునని ఆశించే క్రయోనిక్స్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. దీనిని కొట్టిపారేసే వాదనలు విన్నప్పుడల్లా నాకు మూడు సంగతులు అడ్డు తగులుతున్నాయి. 30 ఏళ్లు అతిశీతలంలో ఉన్న పిండాల నుంచి 2022లో అమెరికాలో కవలలు పుట్టారు. 1999లో నార్వేలో మంచు కింద నీటిలో చిక్కుకుపోయిన ఆన్నా బోగెన్‌హోల్మ్ అనే వైద్యురాలి శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయి, గుండె ఆగిపోయినా, ఆమె కోలుకున్నారు. ఉత్తర అమెరికాలోని వుడ్ ఫ్రాగ్ అనే కప్ప చలికాలంలో గడ్డకట్టుకుపోయి, వసంతంలో మళ్లీ గెంతుతుంది. మనిషి విషయంలో అడ్డంకి కేవలం పరిమాణమేనా, లేక పోల్చకూడని వాటిని నేను పోలుస్తున్నానా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: కణశాస్త్ర విద్యార్థి

జిజ్ఞాసువు గారూ, మీ మూడు ఉదాహరణలూ నిజమే గాని, మూడూ మూడు వేర్వేరు సంగతులు. నార్వే ఘటనలో శరీరంలో ఎక్కడా మంచు ఏర్పడలేదు. గుండె ఆగేలోపే మెదడు బాగా చల్లబడటం వల్ల దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గిపోయింది, అంతే. కప్పలో మంచు ఏర్పడుతుంది, శరీరంలోని నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకడుతుంది కూడా. అయితే ఆ మంచు కణాల బయటే ఉంటుంది, కాలేయం విడుదల చేసే గ్లూకోజు కణాల లోపలి నీటిని కాపాడుతుంది, పైగా ఆ కప్ప తట్టుకునేది సున్నాకు దిగువన మహా అయితే ఇరవై డిగ్రీల లోపు చలిని మాత్రమే. దానిని ద్రవ నత్రజనిలో ముంచితే బతకదు.

నీరు గడ్డకట్టి వ్యాకోచించడం వల్ల కణాలు పగిలిపోతాయని చాలామంది అనుకుంటారు. నెమ్మదిగా చల్లబరిచినప్పుడు ఎక్కువగా జరిగేది మరొకటి: కణాల బయట స్వచ్ఛమైన నీరు మంచుగా మారుతుండగా మిగిలిన ద్రవంలో లవణాల గాఢత పెరుగుతుంది, ఆ గాఢత లోపలి నీటిని బయటికి లాగేస్తుంది, కణం ముడుచుకుపోయి దెబ్బతింటుంది. అందుకే ఇప్పుడు మంచే ఏర్పడనివ్వని విట్రిఫికేషన్ పద్ధతిని వాడుతున్నారు. రక్తనాళాల ద్వారా రక్షక రసాయనాలను గాఢంగా ఎక్కించి చల్లబరిస్తే, ద్రవం చిక్కబడి చిక్కబడి, స్ఫటికాలు కట్టకుండానే గాజులాగా గట్టిపడుతుంది. పిండంలో ఉండేవి కొద్దిపాటి కణాలు కనుక రసాయనం నిమిషాలలో అన్నింటికీ చేరుతుంది. పెద్ద అవయవంలో ఒక్కో కణజాలం దానిని ఒక్కో వేగంతో పీల్చుకుంటుంది. తక్కువైతే మంచు, ఎక్కువైతే విషం.

అసలు చిక్కు చల్లబరచడంలో కన్నా తిరిగి వేడెక్కించడంలో ఉందని నా అభిప్రాయం. గాజుస్థితిలో ఉన్న కణజాలం మెల్లగా వేడెక్కితే దారిలోనే స్ఫటికాలు పుట్టి పెరుగుతాయి. ఒకచోట ముందు, మరోచోట వెనుక వేడెక్కితే పగుళ్లు వస్తాయి. 2009లో గ్రెగ్ ఫాహీ అనే శాస్త్రవేత్త బృందం వెల్లడించిన ప్రయోగంలో, ఇలా భద్రపరిచి వేడెక్కించిన ఒక కుందేలు కిడ్నీని తిరిగి కుందేలుకే అమర్చగా, ఆ ఒక్క కిడ్నీతోనే అది బతికింది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 100 రోజుల వరకు నిల్వ ఉంచిన ఎలుక కిడ్నీలలో ఇనుప ఆక్సైడ్ అతిసూక్ష్మ రేణువులను (నానో కణాలను) ఉపయోగించి, అయస్కాంత క్షేత్రంతో అన్ని వైపులా ఒకేసారి వేడెక్కించి, తిరిగి అమర్చి పనిచేయించారు. అది నిజంగా గొప్ప విజయం. కానీ ఎలుక కిడ్నీ గ్రాము బరువుకు కాస్త అటూఇటూ ఉంటుంది; మనిషి కిడ్నీ నూరు గ్రాములు దాటుతుంది. మెదడు సంగతి ఇంకా మొదలే కాలేదు.

సమాధానం: పాత పాఠకుడు

పై మిత్రులు వదిలిన ఒక తేడాను చేరుస్తాను. పిండాన్ని బతికి ఉండగా నిల్వ చేస్తారు. మనిషిని చట్టప్రకారం మరణించినట్లు ప్రకటించిన తరువాతే తాకనిస్తారు. అంటే భవిష్యత్తు వైద్యుడు చలి చేసిన హానిని, రసాయనాల హానిని, చావుకు కారణమైన జబ్బును, రక్తప్రసరణ ఆగిన వేళలో మెదడుకు కలిగిన నష్టాన్ని, అన్నింటినీ కలిపి సరిచేయాలి.

ఇక సంస్థల చరిత్ర. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుని దేహాన్ని భద్రపరిచారు. విట్రిఫికేషన్ ఇంకా రాని కాలం కనుక ఆయన కణజాలంలో మంచు చేసిన హాని గట్టిగానే ఉండి ఉంటుంది. ఆయన దేహం నేటికీ అరిజోనాలోని ఆల్కార్ సంస్థలో ఉంది. దీనికి భిన్నంగా, కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ శ్మశానంలోని భూగర్భ గదిలో ఉంచిన తొమ్మిది దేహాలు, నిర్వహణకు డబ్బు కరువై, కరిగి కుళ్లిపోయాయి. ఆ సంగతి 1979లో బయటపడింది. నత్రజని తొట్టెలకు విద్యుత్తు అక్కరలేదు, నిజమే, కానీ ఆవిరైపోయే ద్రవాన్ని ఎవరో ఒకరు ఏళ్ల తరబడి నింపుతూ ఉండాలి. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ కనీస రుసుము 28,000 డాలర్లు. చాలామంది సభ్యులు దీనిని జీవిత బీమా ద్వారా చెల్లిస్తారు. ఎన్ని వందల ఏళ్లు నిలవాలో తెలియని బాధ్యతకు ఏ మొత్తం సరిపోతుందో నాకైతే అంతుపట్టదు.

సమాధానం: మధ్యేమార్గి

ఇద్దరూ చెప్పినది ఒప్పుకుంటూనే చిన్న అభ్యంతరం. క్రయోనిక్స్‌ను సమర్థించేవారు నేటి పద్ధతులతో ఎవరినైనా లేపగలమని అనరు. మనిషి జ్ఞాపకాలు, స్వభావం నాడీకణాల అనుసంధానాలలో ఉన్నాయి కనుక ఆ అల్లిక చెదరకుండా ఉంటే చాలు, మరమ్మతు తరువాతివారు చూసుకుంటారన్నది వారి వాదం. ముందుగా ఆల్డిహైడ్ రసాయనంతో మెదడును బిగించి, ఆ తరువాత చల్లబరిచే పద్ధతిలో కుందేలు మెదడులోని అనుసంధానాలు చక్కగా నిలిచాయని తేలి, దానికి 2016లో బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతి దక్కింది; 2018లో పంది మెదడు విషయంలోనూ అదే జరిగింది. కాబట్టి దీనిని పచ్చి మోసం అనడం తొందరపాటు.

ప్రశ్నించినవారి స్పందన: జిజ్ఞాసువు

అందరికీ ధన్యవాదాలు. నా పోలిక ఎక్కడ తప్పిందో అర్థమైంది. ఒక్క సందేహం: ఆల్డిహైడ్‌తో బిగించిన మెదడును మళ్లీ పనిచేయించవచ్చునా?

సమాధానం: కణశాస్త్ర విద్యార్థి

నేడు తెలిసిన ఏ మార్గంలోనూ చేయించలేము. ఆల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఆకారం నిలుస్తుంది, రసాయన క్రియలు శాశ్వతంగా ఆగిపోతాయి. సూక్ష్మదర్శిని కింద చూడబోయే కణజాలాన్ని ప్రయోగశాలలలో సిద్ధం చేసేదీ ఈ రసాయనాలతోనే. అందుకే ఆ పద్ధతిని ఇష్టపడేవారు సాధారణంగా అదే మెదడు లేచి కూర్చుంటుందని ఆశించరు. దాని అల్లికను చదివి కంప్యూటరులో తిరిగి నిర్మించవచ్చునని ఆశిస్తారు. అలా నిర్మించినది ఆ మనిషే అవుతుందా అన్నది కణశాస్త్రం తేల్చే ప్రశ్న కాదు కనుక నేను ఇక్కడ ఆగుతాను.