యార్డు నుంచి ఆఫీసుకు మెసేజ్ క్యూ: చీటీలు చేరుతున్నాయి, రసీదులు తిరిగి రావట్లేదు

గాజువాక_కాటా:
నమస్కారం అందరికీ. లారీ కాటా గాజువాక దగ్గర యార్డులో, అకౌంట్స్ సర్వర్ సిరిపురం ఆఫీసులో. రెండు వేరే నెట్‌వర్కులు, డొమైన్ (అన్ని మెషీన్లకీ ఉమ్మడి విండోస్ లాగిన్) లేదు. యార్డులో 4జీ రౌటరే దిక్కు. కాటా సాఫ్ట్‌వేర్ బరువు చీటీని ఎమ్మెస్సెమ్‌క్యూ (విండోస్‌లోని మెసేజ్ క్యూ) ట్రాన్సాక్షనల్ క్యూకి, అంటే ప్రతి మెసేజ్ వరసగా ఒక్కసారే చేరాల్సిన క్యూకి, పంపుతుంది. ఆఫీసు వైపు దాని పోర్టు 1801 తెరిచాం. చీటీలు అక్కడ కనిపిస్తున్నాయి, కానీ యార్డు మెషీన్‌లో అన్‌ఎక్‌నాలెడ్జ్డ్ (రసీదు రాని మెసేజీల) అంకె పెరుగుతూ పోతోంది. ఇంకేం పోర్టులు తెరవాలి? డొమైన్ లేకుండా పర్మిషన్ ఎలా? లారీ ఫోటో కూడా ఇందులోనే పంపొచ్చా? లేక ర్యాబిట్ఎంక్యూకి (ఇంకో మెసేజ్ క్యూ సాఫ్ట్‌వేర్) మారిపోవాలా?

ఫైర్‌వాల్_అప్పన్న:
మిగతావి తర్వాత. 1801ని ఇంటర్నెట్‌కి తెరిచారా? ముందు మూసేయండి. 2023 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిన లోపం గుర్తులేదా, క్యూజంపర్ అన్నారు. లాగిన్ అక్కర్లేదు, ఆ పోర్టుకి ఒక ప్యాకెట్ పంపి మెషీన్‌లో కోడ్ నడిపేయొచ్చు. తీవ్రత 10కి 9.8 ఇచ్చారు.

కుందేలు:
ర్యాబిట్‌కి మారిపోండి సార్. యార్డులో ఒక బ్రోకర్ (మెసేజీలు పట్టి ఉంచే సర్వర్), ఆఫీసులో ఒక బ్రోకర్, మధ్యలో మెసేజీలు ఇటు నుంచి అటు మోసే షవెల్ ప్లగిన్. కనెక్షన్ యార్డు నుంచే బయటికి, 5671 పోర్టు మీద టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్)తో. యాక్ మోడ్ ఆన్-కన్‌ఫర్మ్ పెడితే అవతలి బ్రోకర్ అందుకున్నట్టు చెప్పాకే ఇక్కడ చెరిగిపోతుంది. మా కోల్డ్ స్టోరేజీ నుంచి రొయ్యల లాట్ల వివరాలు ఇలాగే వెళ్తాయి. నెట్ పోయినా ఒక్క లాట్ పోలేదు.

పాతకాపు:
నేను ఐబీఎం ఎంక్యూ (ఐబీఎం వాళ్ళ మెసేజ్ క్యూ) మీద పనిచేస్తున్నా, దానికి ఎంక్యూ సిరీస్ అని పేరున్న రోజుల నుంచీ. 1414 పోర్టు, సెండర్ ఛానల్, ట్రాన్స్‌మిషన్ క్యూ. అవతల రిసీవర్ ఛానల్. లైను తెగితే మెసేజ్ ట్రాన్స్‌మిషన్ క్యూలో కూర్చుంటుంది, లైను వచ్చాక కదులుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా కరెంటూ ఫోనూ పోతే, లైన్లు కలిసాక మా క్యూలు వాటంతటవే ఖాళీ అయ్యాయి. క్యూ అంటే అదీ. ఈ కుందేళ్ళూ అవీ తర్వాత.

కుందేలు:
లైసెన్సు ఖర్చు కూడా చెప్పండి పెద్దాయనా. కాటా యార్డుకి ఐబీఎం ఎంక్యూనా?

పాతకాపు:
ఖర్చు గురించి అడగలేదు ఆయన.

కుందేలు:
మీ ఐబీఎం గురించి కూడా అడగలేదు.

మద్దిలపాలెం_అడ్మిన్:
ఇద్దరూ ఆగండి. జబ్బు ఎక్కడుందో చూడకుండానే మందు రాసేస్తున్నారు. కాటా గారూ, ఆఫీసు సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి అవుట్‌గోయింగ్ క్యూస్ చూడండి. ఆర్డర్_క్యూ$ అని ఒకటి వెయిటింగ్ టు కనెక్ట్‌లో ఉంటుంది. ట్రాన్సాక్షనల్ మెసేజీకి వరస రసీదు అవతలి మెషీన్ విడిగా వెనక్కి పంపాలి. ఆ రసీదు యార్డుకి రావాలంటే యార్డు 1801కి ఆఫీసు చేరగలగాలి. 4జీ రౌటర్ వెనకాల అది జరగదు. రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది ఆపరేటర్ తన నెట్‌వర్కు లోపల ఇచ్చిన అడ్రసు, పబ్లిక్ అడ్రసు నలుగురికీ కలిపి ఒకటే, బయటి నుంచి మీ రౌటర్‌కి దారే లేదు.

ఫైర్‌వాల్_అప్పన్న:
అందుకే అంటున్నా, పోర్టు తెరవడం పనికిరాదు, వీపీఎన్ (రెండు నెట్‌వర్కుల మధ్య రహస్య టన్నెల్) కావాలి.

రుషికొండ_డెవ్:
సోర్స్ ఐపీ వైట్‌లిస్ట్ చేస్తే (ఆ ఒక్క అడ్రసునే రానిస్తే) సరిపోతుంది కదా. ప్రతిదానికీ వీపీఎన్ అని భయపెట్టడం ఎందుకు?

ఫైర్‌వాల్_అప్పన్న:
ఏ ఐపీని చేస్తావు బాబూ? పైన అడ్మిన్ గారు రాసింది చదివావా? ఆ పబ్లిక్ అడ్రసు నీ ఒక్కడిది కాదు, రేపటికి మారిపోతుంది కూడా. ఎవడో తెలియని నలుగురికి నీ సర్వర్ తలుపు తీసిపెట్టినట్టే.

రుషికొండ_డెవ్:
మర్యాదగా మాట్లాడండి. మా క్లయింట్‌కి స్టాటిక్ (మారని) ఐపీ ఉంది, నడుస్తోంది.

ఫైర్‌వాల్_అప్పన్న:
మీ క్లయింట్‌కి ఉంది. ఈయనకి లేదేటి, అదే కదా గొడవ!

గాజువాక_కాటా:
అడ్మిన్ గారూ, చూశాను. ఆర్డర్_క్యూ$ అక్కడే ఉంది, వెయిటింగ్ టు కనెక్ట్. రౌటర్ వ్యాన్ అడ్రసు మీరు చెప్పిన 100.64, 100.127 మధ్యలోనే ఉంది. 1801 మూసేశాం. ఇప్పుడు?

మద్దిలపాలెం_అడ్మిన్:
ఆఫీసుకి స్టాటిక్ ఐపీ ఉంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి. ఆఫీసు వైపు యూడీపీ 51820 ఒక్కటి చాలు, యార్డే బయటికి డయల్ చేస్తుంది. యార్డు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 (25 సెకన్లకోసారి పలకరింపు) మర్చిపోకండి. లేకపోతే కాటా మీద లారీ లేని గంటల్లో రౌటర్ ఆ దారిని మర్చిపోతుంది, రసీదు మళ్ళీ ఆగుతుంది. క్యూ అడ్రసులో ఆఫీసు టన్నెల్ ఐపీ పెట్టండి. యార్డు విండోస్ ఫైర్‌వాల్‌లో టన్నెల్ వైపు నుంచి 1801 లోపలికి అనుమతించండి. చాలామంది ఇదొక్కటీ వదిలేస్తారు.
పంపడానికీ రసీదుకీ 1801 సరిపోతుంది. దూరం నుంచి క్యూ చదవాలంటేనే 135, 2101, 2103, 2105 గోల. చదివే ప్రోగ్రాం ఆఫీసు సర్వర్‌లోనే ఉంచండి.
డొమైన్ లేదు కాబట్టి క్యూ సెక్యూరిటీలో అనానిమస్ లాగాన్‌కి (పేరు చెప్పకుండా వచ్చేవాళ్ళకి) సెండ్ హక్కు ఇవ్వాలి. టన్నెల్ లోపల కాబట్టే ఇది ఒప్పుకుంటున్నా.

ఆటోనగర్_స్పేర్స్:
ఇంకోటి చూడండి. యార్డు మెషీన్ ఇంకో మెషీన్ డిస్క్ కాపీ చేసి చేసిందా? అలా చేస్తే రెండింటికీ క్యూఎం ఐడీ (క్యూ మేనేజర్ గుర్తింపు) ఒకటే అవుతుంది, మెసేజీలు ఎటు పోతాయో దేవుడికే తెలియాలి. మా దగ్గర సిస్టం పెట్టిన వెండర్ అన్ని కౌంటర్లకీ ఒకే ఇమేజ్ ఎక్కించి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే నెట్‌వర్క్ ప్రాబ్లం అంటాడు. ఇప్పటికీ ఒంటికాలి మీద లేస్తుంది నాకు.

గాజువాక_కాటా:
టన్నెల్ పెట్టాం. అన్‌ఎక్‌నాలెడ్జ్డ్ సున్నాకి వచ్చింది! ఆఫీసులో ఒక్క చీటీ కూడా రెండుసార్లు పడలేదు. అడ్మిన్ గారికి, అప్పన్న గారికి చాలా థ్యాంక్స్.

కుందేలు:
ట్రాన్సాక్షనల్ క్యూ కాబట్టి వరసా, రెండుసార్లు పడకుండానూ చూసుకుంది. అయినా చీటీ నంబర్‌ని డేటాబేస్ టేబుల్‌లో యూనిక్ (ఒక్కసారే పడేలా) చేయండి. ఏ క్యూ అయినా ఏదో ఒకరోజు అదే మెసేజ్ మళ్ళీ ఇస్తుంది, పార్టీకి రెండు బిల్లులు వెళ్తాయి.

పాతకాపు:
ఈ ఒక్క మాటలో కుందేలు గారితో నేనూ ఏకీభవిస్తా.

పరవాడ_ప్లాంట్:
మాది కాఫ్కా (ఇంకో మెసేజ్ సాఫ్ట్‌వేర్). ప్లాంట్ బయటి నుంచి కనెక్ట్ అవుతుంది, వెంటనే టైమవుట్. 9092 తెరిచే ఉంది.

మద్దిలపాలెం_అడ్మిన్:
అడ్వర్టైజ్డ్ లిజనర్స్‌లో లోపలి హోస్ట్ పేరు ఉండుంటుంది. మొదటి కనెక్షన్ అయ్యాక బ్రోకర్ ఇచ్చే అడ్రసుకే క్లయింట్ వెళ్తుంది. బయటివాళ్ళకి వేరే లిజనర్, వేరే పోర్టు పెట్టండి.

గాజువాక_కాటా:
ఫోటో సంగతి ఎవరూ చెప్పలేదు.

మద్దిలపాలెం_అడ్మిన్:
ఎమ్మెస్సెమ్‌క్యూలో మెసేజ్ 4 ఎంబీ దాటకూడదు. ఫోటోని టన్నెల్ మీద ఫైలుగా పంపి, చీటీలో దాని పేరు మాత్రం పెట్టండి. చిన్నవి వెళ్ళి పెద్దవి ఆగిపోతుంటే టన్నెల్ ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420 నుంచి తగ్గించి చూడండి.