కొత్త మేనేజర్ మొండి ఆటగాళ్లను దారికి తెచ్చుకోవాలా, వదిలించుకోవాలా?

ప్రశ్న – మిడ్‌ఫీల్డ్ మిత్రుడు

కష్టాల్లో ఉన్న పెద్ద క్లబ్బుకు కొత్త మేనేజర్ వచ్చిన ప్రతిసారీ నాకు ఒకే సందేహం కలుగుతుంది. అందరికన్నా ఎక్కువ జీతం తీసుకుంటూ, అభిమానుల అండ కూడా ఉన్న ఆటగాడు కొత్తగా వచ్చినాయన మాట వినకపోతే ఆయన ఏం చేయాలి? 2019 డిసెంబరులో ఆర్సెనల్ పగ్గాలు అందుకునేనాటికి మికెల్ ఆర్టెటా వయసు 37 ఏళ్లు. మాంచెస్టర్ సిటీలో సహాయకుడిగా పనిచేశాడే గానీ, మేనేజర్‌గా ఒక్క మ్యాచ్ కూడా నడిపించి ఎరగడు. అయినా రెండేళ్లు దాటేసరికి ఓజిల్, ఒబామెయాంగ్ ఇద్దరూ క్లబ్బు వదిలి వెళ్లిపోయారు, గెండూజీ లోన్ మీద, అంటే తాత్కాలిక ఒప్పందంతో, వేరే జట్లకు ఆడుతున్నాడు. ఇంత కఠినంగా ఉండటం అవసరమేనా, లేక మంచి ఆటగాళ్లను చేజేతులా పోగొట్టుకోవడమా? ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా చూసేవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

జవాబు – ఎడమ వింగ్

మీరు చెప్పిన జాబితాలో ఒక పేరు లేదు, నా దృష్టిలో అసలు విషయమంతా ఆ పేరులోనే ఉంది. అది అప్పటి ఆర్సెనల్ కెప్టెన్ గ్రానిట్ జాకా.

2019 అక్టోబరు 27న క్రిస్టల్ ప్యాలెస్‌తో సొంత మైదానంలో ఆడుతున్నప్పుడు అతన్ని బయటికి పిలిచారు. కెప్టెన్‌గా ఉండి నెమ్మదిగా నడుస్తున్నాడని ప్రేక్షకులు గేలి చేస్తే, అతను చెవి దగ్గర చేయి పెట్టి వాళ్లను ఇంకా రెచ్చగొట్టి, చొక్కా విప్పుకుంటూ డ్రెస్సింగ్ రూమ్ వైపు వెళ్లే సొరంగంలోకి వెళ్లిపోయాడు. అప్పటి మేనేజర్ ఎమరీ అతని కెప్టెన్సీ తీసేశాడు. ఆర్టెటా వచ్చేసరికి జాకా బెర్లిన్ వెళ్లిపోవడానికి సామాను కూడా సర్దుకున్నాడు. ఈ మాట తర్వాత అతనే చెప్పాడు. కొత్త మేనేజర్‌కు అతన్ని పంపేయడం కన్నా తేలికైన పని మరొకటి లేదు, అభిమానులు చప్పట్లు కూడా కొట్టేవారు. కానీ ఆర్టెటా అతన్ని కూర్చోబెట్టి మాట్లాడి, ఉండమని ఒప్పించాడు. 2022–23లో జాకా లీగ్‌లో 7 గోల్స్ చేశాడు. అదే ప్రేక్షకులు అతని పేరు పాడుతూ వీడ్కోలు పలికారు.

ఒబామెయాంగ్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. అతనికి ఎవరి మీదా కోపం లేదు, ఎవరూ అతన్ని అవమానించలేదు. సమయానికి రాకపోవడమే సమస్య. 2021 మార్చిలో టాటెన్‌హామ్‌తో మ్యాచ్ రోజున ఆలస్యంగా వచ్చాడని కెప్టెన్ అయినా సరే పక్కన కూర్చోబెట్టారు, ఆర్సెనల్ 2–1తో గెలిచింది. డిసెంబరులో అనుమతి తీసుకుని విదేశం వెళ్లి, చెప్పిన సమయానికి తిరిగి రాకపోవడంతో కెప్టెన్సీ పోయింది. మనసు గాయపడినవాణ్ని, నియమం పట్టనివాణ్ని ఒకే గాటన కట్టకూడదు. మొదటివాడికి సమయం ఇవ్వాలి. రెండోవాడికి ఇచ్చే ప్రతి మినహాయింపునూ సాకా, స్మిత్ రో వంటి ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు చూస్తూ ఉంటారు.

జవాబు – ఓల్డ్ ట్రాఫర్డ్ అభిమాని

ఎడమ వింగ్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే శిక్ష వేయడం కన్నా దాని గురించి ఎక్కడ మాట్లాడతారన్నది ముఖ్యమని మా జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను చూశాక నాకు గట్టిగా అనిపిస్తోంది. 2022 డిసెంబరు 31న వుల్వ్స్‌తో మ్యాచ్‌కు ముందు రాష్‌ఫర్డ్‌ను అప్పటి మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ తప్పించాడు. క్రమశిక్షణ కారణమని మాత్రమే అన్నాడు, వివరం చెప్పలేదు. రెండో సగంలో బరిలోకి దిగిన రాష్‌ఫర్డ్ ఆ మ్యాచ్‌లోని ఏకైక గోల్ చేసి, నిద్ర లేవడం ఆలస్యమైందని తానే చెప్పుకున్నాడు. విషయం అక్కడితో ముగిసింది.

తొమ్మిది నెలలు తిరక్కుండానే అదే మేనేజర్, ఆర్సెనల్ చేతిలో 3–1తో ఓడిన రోజున, శిక్షణలో సరిగా లేనందుకే మరో ఆటగాడు సాంచోను జట్టులోకి తీసుకోలేదని విలేకరుల ముందు చెప్పేశాడు. సాంచో ఆ మాట నిజం కాదని, తనను చాలాకాలంగా బలిపశువును చేస్తున్నారని సామాజిక మాధ్యమాల్లో రాశాడు. ఆ తర్వాత అతనికి ప్రధాన జట్టు భోజనశాలలోకి కూడా ప్రవేశం లేకుండా పోయింది, జనవరిలో లోన్ మీద డార్ట్‌మండ్ వెళ్లి చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. మేనేజర్ చెప్పింది నిజమే కావచ్చు. కానీ నాలుగు గోడల మధ్య తేలాల్సిన విషయం రచ్చకెక్కాక ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేరు.

జవాబు – పాత బార్సా

మరో కోణం కూడా ఉంది. 2008 జూన్‌లో గ్వార్డియోలా కూడా 37 ఏళ్ల వయసులోనే బార్సిలోనా ప్రధాన జట్టు బాధ్యత తీసుకుని, తన ప్రణాళికలో రొనాల్డీన్యో, డెకో, ఎటో లేరని తొలి సమావేశంలోనే ప్రకటించాడు. మొదటి ఇద్దరూ వెళ్లిపోయారు. ఎటో మాత్రం వెళ్లకుండా సీజన్‌కు ముందు శిక్షణలో కష్టపడ్డాడు, గ్వార్డియోలా మనసు మార్చుకున్నాడు. ఆ సీజన్‌లో ఎటో లీగ్‌లో 30 గోల్స్ చేసి, రోమ్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో తొలి గోల్ కూడా కొట్టాడు. ముందే అన్నాను కదా అని పంతానికి పోయి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. కాకపోతే మరుసటి వేసవిలోనే అతన్ని ఇటలీ క్లబ్బు ఇంటర్‌కు పంపేశారు, 2010 సెమీఫైనల్లో బార్సిలోనాను ఓడించిన జట్టులో ఎటో ఉన్నాడు.

మిడ్‌ఫీల్డ్ మిత్రుడు

అందరికీ ధన్యవాదాలు. ఎడమ వింగ్ గారూ, ఒక్క మాట. ఒబామెయాంగ్ వెళ్లాక ఆర్సెనల్ 2021–22లో టాటెన్‌హామ్ కన్నా రెండు పాయింట్లు వెనకబడి ఐదో స్థానంలో మిగిలింది. బార్సిలోనా తరఫున అతను అదే సీజన్‌లో లీగ్‌లో 11 గోల్స్ చేశాడు. ఈ నష్టానికి ఎవరు బాధ్యులు?

జవాబు – ఎడమ వింగ్

న్యాయమైన ప్రశ్న. ఆ వసంతంలో గోల్స్ చేసేవాడు లేక జట్టు నలిగిపోయిన మాట నిజం, అతని స్థానంలో జనవరిలో ఎవరినీ కొనకపోవడం పొరపాటేనని నా అభిప్రాయం. అయితే ఆ నష్టాన్ని భరించింది ఆర్టెటా ఒక్కడే కాదు. ఇంకా ఏడాదికి పైగా ఒప్పందం ఉన్న ఆటగాణ్ని బదిలీ రుసుము లేకుండా వదులుకోవడానికి యాజమాన్యం ఒప్పుకుంది, ఎనిమిదో స్థానంలో వరసగా రెండు సీజన్లు ముగించిన మేనేజర్‌ను తొలగించకుండా ఉంచింది, ఆ వేసవిలో స్ట్రైకర్ గాబ్రియెల్ జీసస్‌ను కొనిచ్చింది. ఈ అండ లేని క్లబ్బులో ఇదే పని చేసిన మేనేజర్‌కు మూడు ఓటములతో ఉద్యోగం పోతుంది, ఆటగాడు మాత్రం అక్కడే ఉంటాడు. అందుకే బాధ్యత తీసుకునే వ్యక్తి సంతకం చేయడానికి ముందే, ఫలానా ఆటగాణ్ని తప్పించాల్సి వస్తే మీరు ఎంతదాకా నా వెంట ఉంటారని ఆ ఆటగాడి పేరు చెప్పి మరీ యజమానులను అడగాలి.