గిరాకీ పడిపోతే మనుషులను తీసేయడమేనా దారి? (మారుపేర్లతో ముగ్గురి చర్చ)

లెక్కల పుస్తకం: ఆర్డర్లు తగ్గాయి, ఆరు నెలల తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. మునుగుతున్న పడవలో బరువు దించక తప్పదంటాను. కాదనేవారు దాఖలా చూపండి.

తొలకరి: దాఖలా ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో విమానం ఎక్కేవారే కరువయ్యారు. అమెరికన్, యునైటెడ్ అనే విమానయాన సంస్థలు చెరి 20,000 మందిని తగ్గిస్తామన్నాయి. సౌత్‌వెస్ట్ అనే మరో విమానయాన సంస్థ ఒక్కరినీ తీయలేదు, ఆ ఏడాది లాభంతోనే ముగించింది. దాన్ని దయ అనుకోకండి. దిగిన విమానం ఎంత త్వరగా మళ్ళీ ఎగిరితే అంత ఆదాయం. ఆ వేగం ఒకరి పని ఒకరికి అలవాటైన బృందానికే వస్తుంది. కరువొచ్చిందని కాడెద్దులను అమ్ముకుంటే తొలకరికి దున్నేదెవరు?

లెక్కల పుస్తకం: అదే సౌత్‌వెస్ట్ 2025 ఫిబ్రవరిలో 1,750 కార్యాలయ ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది కదా! పైగా 2001లో దాని చేతిలో నగదు ఉంది. అప్పుతో నడిచే చిన్న యూనిట్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది?

తొలకరి: 2025 సంగతి ఒప్పుకుంటాను. నగదు మాత్రం నా వాదనకే బలం. మంచి రోజుల్లో ఆచితూచి మనుషులను తీసుకుని, నాలుగు రాళ్ళు వెనకేసుకున్న సంస్థకే గడ్డు రోజుల్లో ఆగే ఓపిక ఉంటుంది.

యంత్రశాల: హైదరాబాద్ శివారులో ఒక విడిభాగాల యూనిట్‌లో హెచ్‌ఆర్ పని చూస్తాను. మీరిద్దరూ కాంట్రాక్టు కార్మికుల ఊసే ఎత్తలేదు. 2008లో టయోటా టెక్సస్‌లో ట్రక్కుల తయారీని దాదాపు 3 నెలలు ఆపినా, పర్మినెంట్ కార్మికులకు జీతమిచ్చి శిక్షణలో కూర్చోబెట్టింది. జపాన్‌లో మాత్రం నిర్ణీత కాలానికి తీసుకున్నవారిని వేలల్లో తగ్గించుకుంది. ఒకరి భద్రతకు మూల్యం చెల్లించింది మరొకరు.

2020 లాక్‌డౌన్‌లో మేమూ అదే చేశాం. కాంట్రాక్టు ఆపరేటర్లను ముందు పంపేశాం. ఆ జాబితా రాసింది నేనే. పని మళ్ళీ మొదలయ్యాక ఫోన్లు చేస్తే చాలామంది రాలేదు, రామని ముఖం మీదే చెప్పినవారూ ఉన్నారు. కొత్తవారికి చేయి తిరిగేసరికి తిరస్కరించిన సరుకు గుట్టలు పడింది. లెక్కల పుస్తకం గారూ, ఆ నష్టం మా జీతాల పద్దులో ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు పర్మినెంట్ ఆపరేటర్లందరికీ రెండో యంత్రం నేర్పిస్తున్నాం, ఒక విభాగంలో పని తగ్గితే మరో విభాగానికి మారేలా. కాంట్రాక్టు వారికీ నేర్పాలని రెండుసార్లు రాసి ఇచ్చాను. యాజమాన్యం ఇంకా ఒప్పుకోలేదు. మూడోసారి రాస్తున్నాను.