‘చీట్ చేశాడు’ అంటే ఎవరు చేసినట్టు?

ముమ్మిడివరం నుంచి ఒకరు:
మా పిల్లలు పేకాటలో కూడా ‘చీట్ చేశాడు’ అంటున్నారు. ఈ చీట్‌కీ మన చీటీకీ ఏమైనా చుట్టరికం ఉందాండీ? చీటీల పాట నడిపినోడు పారిపోయాడని విన్నప్పుడల్లా నాకిదే అనుమానం.

జవాబు:
లేదండీ. చీటీ హిందీ చిట్ఠీకి బంధువు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడికొచ్చాక ఆ చిట్ఠీనే చిట్ చేసుకున్నారు. చీట్ మాత్రం వాళ్ల దేశంలోనే, భూముల లెక్కల దగ్గర పుట్టింది.

దాని పూర్తి రూపం ఎస్చీట్. మధ్యయుగపు ఇంగ్లండులో భూమి అనుభవించేవాడు వారసులు లేకుండా చనిపోతే ఆ భూమి తిరిగి పై ప్రభువుకో రాజుకో పోయేది. దానికే ఆ పేరు. లాటిన్ మూలానికి ‘పడటం’ అని అర్థం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. గట్టు పక్క ఎకరం తమ్ముడి వాటాకు పడింది అంటామే, అలాంటి పడటమే.

ఈ పని చూసే రాజోద్యోగిని ఎస్చీటర్ అనేవారు. ఎవరైనా పోయారంటే విచారణ జరిపి, వారసులున్నారో లేరో తేల్చేవాడు. తేల్చేది వాడే, స్వాధీనం చేసుకునేదీ వాడే. ఇంక చెప్పేదేముంది! వారసులున్నా లేరని రాసి భూమి లాక్కుంటారన్న చెడ్డపేరు ఆ ఉద్యోగానికి వచ్చింది. 15వ శతాబ్దంలో చీట్ అంటే ఇలా జప్తు చేయడమే. 16వ శతాబ్దంలో దొంగల భాషలో పాచికలకీ, దొంగసొత్తుకీ ఆ పేరు వాడారు. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి నేటి అర్థం, మోసగించడం, స్థిరపడింది. షేక్‌స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ ఇద్దరు ఇల్లాళ్ల డబ్బు కాజేయాలని పథకం వేస్తూ, వాళ్లకి నేను చీటర్‌ని, వాళ్లు నాకు ఖజానా అంటాడు. ఉద్యోగి, మోసగాడు రెండూ ఆ ఒక్క మాటలో పలుకుతాయి.

అసలు మాట చట్టంలో ఇంకా బతికే ఉంది. మన రాజ్యాంగం 296వ అధికరణంలో ఎస్చీట్ ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, వారసులెవరూ లేనివారి ఆస్తి ప్రభుత్వానికే చెందుతుంది.

రాజోలు నుంచి ఇంకొకరు:
అయితే మా చుక్కల భూములు కూడా ఇదేనా గురువుగారూ? లంక కోసుకుపోవడం?

జవాబు:
రెండూ వేరండీ. లంకని గోదారి కోసుకుపోతే అక్కడ వారసుడుంటాడు, నేలే ఉండదు. చుక్కల భూముల్లో నేలా ఉంది, దున్నే మనిషీ ఉన్నాడు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు, అంతే. ఆ చుక్కల వల్ల రిజిస్ట్రేషన్లు ఆగి జనం పడ్డ టెన్షన్ తెలిసిందే. వాటిని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే తేవాల్సొచ్చింది. చట్టం లెక్కలో అది ఎస్చీట్ కాదు గానీ, ఎస్చీటర్ మీద ఇంగ్లీషు రైతుకి ఎందుకంత కసో మన రైతుకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ముమ్మిడివరం:
మరి మనకి ఆఫీసరు మీద పుట్టిన మాట లేదా? అన్నీ టోపీలూ నామాలేనా?

జవాబు:
మనం ఎక్కువగా గుడి మీద పడ్డాం. పంగనామం, శఠగోపం రెండూ వైష్ణవాలయంవే. అంతర్వేదిలో దర్శనమయ్యాక భక్తిగా తల వంచి శఠగోపం పెట్టించుకుంటాం. బయటికొచ్చాక అదే మాటని అప్పు ఎగ్గొట్టినవాడికి వాడతాం! ఇందులో తమాషా ఏంటంటే, సంస్కృతంలో శఠుడంటేనే మోసగాడు. తమిళ భక్తకవి నమ్మాళ్వారు పుట్టినప్పుడు శఠమనే వాయువుని కోపించి తరిమారు కాబట్టి శఠకోపులయ్యారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయన పేరే స్వామి పాదాలున్న ఆ కిరీటానికి వచ్చింది. శఠాన్ని తరిమినాయన పేరు చివరికి మోసానికే అంటుకుంది, పాపం.

ఉద్యోగుల్లో అయితే కరణం ఉన్నాడు. కరణాన్ని సాటి కరణం కూడా నమ్మకూడదని సుమతి శతకంలో పద్యమే ఉంది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి గానీ ‘కరణం తెలివి’ అనే మాట ఇంకా వినిపిస్తుంది. అయినా క్రియ మాత్రం పుట్టలేదు. ‘కరుణించు’ ఉంది, ‘కరణించు’ లేదు! మీ ఊళ్లలో కరణం మీదో మునసబు మీదో పుట్టిన తిట్లుంటే కింద రాయండి, బూతులు తప్ప.