గాలికుంటుకు టీకా ఉంది, పొదుగువాపుకు ఎందుకు లేదు?

పలమనేరు రైతు:
మాకు ఆరు హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులు. పోయిన వారం మూడో ఈత ఆవుకు వెనక కుడి చన్ను రాయిలా గట్టిపడింది. పితికితే నీళ్లు, అందులో విరిగిన పాల ముక్కలు. ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించాం, చన్నులోకి ట్యూబులు ఎక్కించాం. ఆవు బతికింది గానీ ఆ చన్ను ఇక పాలివ్వదంటున్నారు. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చి టీకా వేస్తారు కదా, దీనికెందుకు వేయరు? మిగతా ఐదింటి గురించి ఒకటే టెన్షన్.

పశువైద్యురాలు:
అన్నా, గాలికుంటు ఒక్క వైరస్ పని. మన టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాలు కలిపితే సరిపోతుంది. పొదుగువాపుకు స్టాఫైలోకోకస్ ఆరియస్, స్ట్రెప్టోకోకస్ ఉబెరిస్, ఈ.కోలై, ఇంకా ఎన్నో బ్యాక్టీరియాలు కారణం. ఒకదాని టీకా ఇంకోదానికి పనిచేయదు. దానికితోడు పొదుగే ఒక చిక్కు. రక్తంలో యాంటీబాడీలు పెరిగినా పాలలోకి దిగేది కొంచెం, అదీ లీటర్ల పాలలో పలచబడిపోతుంది. క్రిముల్ని మింగాల్సిన తెల్లకణాలు వెన్నను, కేసిన్ అనే పాల ప్రొటీన్‌ను మింగి నీరసపడతాయి. ఆరియస్ అయితే జిగురు పొర కట్టుకుంటుంది, ఏకంగా పొదుగు కణాల్లోకే దూరి దాక్కుంటుంది.

అసలు టీకాలే లేవని కాదు. ఈ.కోలైలో జె5 అనే రకానికి పైపొర గొలుసులు ఉండవు. చాలా క్రిముల్లో ఒకేలా ఉండే లోపలి భాగం అందులో బయటపడి ఉంటుంది. దాంతో చేసిన టీకాను 1980లలోనే కాలిఫోర్నియా డెయిరీల్లో పరీక్షించారు. జె5కు ఆరియస్‌ను కలిపిన స్టార్ట్‌వాక్ అనే టీకాకు యూరప్‌లో 2009లో అనుమతి వచ్చింది. ఈనడానికి 45 రోజుల ముందు మొదటి డోసు. ఉబెరిస్‌కు యూబాక్ అనే టీకా 2018లో వచ్చింది. ఇవన్నీ జబ్బు తీవ్రతను తగ్గిస్తాయి, రాకుండా పూర్తిగా ఆపలేవు. అందుకే నేను ముందు కొట్టం చూస్తాను, టీకా మాట తర్వాత.

మదనపల్లె రైతు:
తమ్ముడూ, పాలు తీయగానే చన్నులు అయోడిన్ మందులో ముంచి, వెంటనే మేత వెయ్యి. అరగంట నిలబడే తింటుంది. చన్ను రంధ్రం మూసుకోకముందే పేడలో పడుకుంటేనే ముప్పు. తొలి ధారలు నల్ల మూతలోకి పితికి చూడు, ముక్కలుంటే ఇట్టే కనిపిస్తాయి.

పలమనేరు రైతు:
సరే అన్నా. మేడమ్, ఏ క్రిమో తెలుసుకోవడానికి పాలు ల్యాబ్‌కు తీసుకెళ్లాలంటే ఇంట్లో సీసా కడిగి పట్టుకుపోవచ్చా?

పశువైద్యురాలు:
వద్దు, స్టెరైల్ సీసాలు ల్యాబ్‌లో అడగండి. చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి పట్టి, ఐస్‌లో పెట్టి తీసుకెళ్లండి. మందు పడిన ఆవు పాలలో క్రిమి పెరగకపోవచ్చు, ముందు ఆ ఐదింటివి ఇవ్వండి.